పేరు మార్చని వంట

రాత్రంతా ఉప్పులో ఊరిన క్యాబేజీ రెమ్మని ఆ అమ్మాయి రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచింది. ఆకు మొదట్లో తెల్లగా, మందంగా ఉండే కాడ అది. పచ్చిగా ఉంటే పుటుక్కున విరగాలి. విరగలేదు. గాజులాగ గుండ్రంగా వంగి రెండు కొసలూ కలుసుకున్నాయి. "అయింది, ఒన్నీ" అంది. ఒన్నీ అంటే కొరియాలో ఆడపిల్ల అక్కని పిలిచే పిలుపు. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. ఒకే అపార్ట్‌మెంట్లో, ఒకే వంటగదిలో, ఒకే ఫ్రిజ్‌లో చెరో రెండు అరలు పంచుకుని అప్పటికి ఏడాదిన్నర. ఆ మధ్యాహ్నమే మా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వంటల ప్రదర్శన. ఈసారి కొరియా వాళ్ళ వంతు.

అమెరికా మిడ్‌వెస్ట్‌లో మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. నవంబరు నెల. కొరియాలో శీతాకాలం మొత్తానికీ కిమ్చీ పెట్టుకునే కాలం కూడా అదే. ఆ పనిని కిమ్‌జాంగ్ అంటారు. మనకి వేసవిలో ఆవకాయ ఎలాగో వాళ్ళకి చలి మొదట్లో ఇది అలాగ. రోజు సగటు ఉష్ణోగ్రత 4 డిగ్రీలకి దిగిందంటే ముహూర్తం వచ్చినట్టే. ఏ ప్రాంతం వాళ్ళు ఏ తేదీకి పెట్టుకుంటే మంచిదో అక్కడ వాతావరణం చెప్పేవాళ్ళు చెప్తారట. ఆ ఖర్చుకని కంపెనీలు ఉద్యోగులకి కిమ్‌జాంగ్ బోనస్ ఇచ్చిన రోజులున్నాయి. ఆ అమ్మాయిది జొల్లా ప్రాంతం, దక్షిణ కొరియాకి నైరుతి మూల. ఆ దేశంలో తిండికి పేరుపడ్డ సీమ. సినాన్ దీవుల ఉప్పుమళ్ళు ఉన్నది అక్కడే. వెచ్చటి నేల కాబట్టి వాళ్ళ కిమ్చీలో ఉప్పూ, ఊరవేసిన చేపలూ రొయ్యలూ ఎక్కువ పడతాయి. ఉత్తరానికి పోయేకొద్దీ చలి ఎక్కువ, ఉప్పు తక్కువ. ఇవన్నీ నేను పుస్తకాలు చదివి తెలుసుకోలేదు, సింకు దగ్గర గిన్నెలు తోముకుంటూ విన్నాను.

ప్రదర్శనకి నెల ముందు ఒక దరఖాస్తు నింపాలి. వంట పేరు, ఎంతసేపు పడుతుంది, ఎవరికి ఏ పదార్థం పడకపోవచ్చు, చివర ఒక వాక్యంలో వర్ణన. తను మొదట కిమ్చీ అని రాయలేదు. పుల్గోగీ అని రాసింది. పల్చగా కోసి, తియ్యటి సోయా రసంలో నానబెట్టి కాల్చిన గొడ్డుమాంసం. అమెరికన్లకి మొదటి ముద్దకే నచ్చుతుంది. రెండోది కింబాప్. అన్నం, క్యారెట్, పాలకూర, గుడ్డట్టు, పసుపు రంగు ముల్లంగి ఊరగాయ, అన్నీ సముద్రపు నాచు రేకులో చుట్టి బిళ్ళలుగా కోసేది. దాని పక్కన వర్ణనగా "కొరియన్ సుషీ" అని రాసింది. రాసి, కలం పక్కన పెట్టి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఇది అబద్ధం, ఒన్నీ."

అబద్ధం ఎందుకో నాకు అర్థం కాలేదు. చుట్ట చుట్టలాగే ఉంది కదా అన్నాను. అప్పుడు చెప్పింది. సుషీ అన్నంలో పడేది సిర్కా. కింబాప్ అన్నంలో పడేది నువ్వుల నూనె, కాస్త ఉప్పు. అక్కడి పిల్లలకి కింబాప్ అంటే బడివాళ్ళు వనభోజనాలకి తీసుకెళ్ళే రోజు. అమ్మ చీకటితో లేచి చాప మీద చుట్టలు చుడుతుంటే, తెగిపోయిన కొసముక్కల కోసం పక్కన కూర్చోవడం. ఆ వాసన నువ్వుల నూనెది. దాన్ని సుషీ అనేస్తే ఆ పొద్దుటిపూట మొత్తం పోతుంది. ఇంకో మాట కూడా చెప్పింది, గొంతు తగ్గించి. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. 1940లో కొరియన్లందరి చేతా జపాన్ ఇంటిపేర్లు పెట్టించే కార్యక్రమం మొదలుపెట్టారు. పెట్టుకోని వాళ్ళకి బడిలో, కొలువులో, రేషను దగ్గర ఇబ్బందులు. వాళ్ళ తాతగారి తండ్రికి ఆ కాగితాల మీద వేరే పేరు ఉండేదట. "మా ఇంటి వంటకి నా చేత్తోనే ఆ పని చెయ్యనా?" అంది.

ఆ మాట నాకు తగిలింది. అంతకు ముందు ఏడాది ఇదే ప్రదర్శనలో తెలుగువాళ్ళ తరఫున నేను వండాను. పులిహోరని టామరిండ్ రైస్ అన్నాను. పప్పుని లెంటిల్ సూప్ అన్నాను. పెసరట్టు పక్కన "పెసల క్రేప్" అని అచ్చువేయించాను. వచ్చినవాళ్ళు తిన్నారు, బాగుందన్నారు, వెళ్ళిపోయారు. ఒక్కరికి కూడా పులిహోర అన్న మాట నోట పట్టలేదు. నేను అవకాశం ఇస్తే కదా. చింతపండు పులుసు ఉడికించి, పోపు వేసి, పండగపూట ఇంటిల్లిపాదికీ పళ్ళెంలో కలిపే ఆ అన్నాన్ని నేను ఒక పదార్థాల జాబితాగా మార్చి అప్పగించాను. పోలిక చెప్పడం తప్పు కాదు. తెలియనిదాన్ని తెలిసినదాంతోనే కదా ఎవరికైనా చెప్తాం. కానీ ముందు దాని పేరు చెప్పి ఆ తర్వాత పోలిక చెప్పడం వేరు, పేరు ఉండాల్సిన చోట పోలికని కూర్చోబెట్టడం వేరు. నేను చేసింది రెండోది. ఇన్నేళ్ళకీ అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

తను దరఖాస్తు చించేసి కొత్తది తెచ్చుకుంది. కిమ్చీ. వర్ణన గడిలో కూడా ఒకటే వాక్యం: ఉప్పులో ఊరవేసి కారం పట్టించి పులియబెట్టిన కూరగాయలు, కొరియాలో రోజూ అన్నంతో తినేది.

ఒక భయం మాత్రం మిగిలింది. వాసన. అంతకు ముందు మేమున్న భవనంలో అందరికీ కలిపి ఒకే వంటగది. ఒకరోజు తన కిమ్చీ సీసా మీద ఎవరో కాగితం అంటించి వెళ్ళారు, ఫ్రిజ్ అంతా చచ్చిన వాసన వస్తోందని. నా ఇంగువ డబ్బాకీ అలాంటి కాగితమే ఇంకోసారి. ఎవరు రాశారో మేం వెతకలేదు. తను మూడు సంచుల్లో చుట్టి, డబ్బాలో డబ్బా పెట్టి దాచుకునేది. నేను పోపు పెట్టే రోజు కిటికీలన్నీ తెరిచి, తలుపు కింద తువ్వాలు అడ్డం పెట్టేదాన్ని. అలా దాక్కుని వండుకున్న మనుషులకి నలుగురి ముందు నిలబడి అదే మూత తెరవడం చిన్న విషయం కాదు.

అదే వాసనకి కొరియాలో ఏం చేశారో చూడండి. పూర్వం ఒంగీ అనే పెద్ద మట్టిజాడీల్లో కిమ్చీ నింపి పెరట్లో మెడదాకా పాతేవాళ్ళు. భూమి లోపల చలి ఒక్క తీరుగా ఉంటుంది కాబట్టి అది గడ్డకట్టకుండా, మరీ పులిసిపోకుండా వసంతం దాకా నిలుస్తుంది. జనం అపార్ట్‌మెంట్లలోకి మారాక పెరడు పోయింది. అప్పుడు 1995లో డిమ్‌ఛే అనే పేరుతో ఒక ఫ్రిజ్ వచ్చింది. మట్టిలో జాడీకి దొరికే చలిని లోపల పుట్టించేది, కేవలం కిమ్చీ కోసం. ఇప్పుడు అక్కడ ఎన్నో ఇళ్ళలో మామూలు ఫ్రిజ్ పక్కన అదొకటి విడిగా ఉంటుంది. 2008లో ఈ సొ-యొన్ అనే కొరియా యువతి వాళ్ళ దేశం నుంచి తొలిసారి అంతరిక్షానికి వెళ్తే, తోడుగా కిమ్చీ వెళ్ళింది. శాస్త్రవేత్తలు అందులో సూక్ష్మజీవుల్ని చంపి మరీ పంపించారు. లేకపోతే పులిసి, బుడగలొచ్చి, సంచి పగులుతుంది. ఇంత చేసిన జాతి పిల్ల పరాయి ఊళ్ళో మూడు సంచుల్లో చుట్టుకుంటోంది. నాకు అదే మింగుడుపడలేదు.

ప్రదర్శన గది నిండింది. యాభై అరవై మంది ఉంటారు. నిర్వాహకులు సంప్రదాయ దుస్తులు వేసుకుని రమ్మన్నారు. కొరియా సినిమా పాటలు పెడదామా అని కూడా అడిగారు. తను వద్దంది. పత్తి ఏప్రన్ కట్టుకుని వచ్చింది. హన్‌బోక్ పండగకీ పెళ్ళికీ వేసుకునే పట్టుబట్ట, కారం కలిపేటప్పుడు ఎవరూ వేసుకోరు అని చెప్పింది. నాకు అది ఎంత నచ్చిందో. పాటలు, పట్టుబట్టలు చూపించి ఇదే మా సంస్కృతి అనడం తేలిక. రోజూ చేసే పనిని చూపించడానికి ధైర్యం కావాలి.

బియ్యప్పిండితో పల్చగా కాచిన జావ చల్లార్చి ఉంది. అందులో వెల్లుల్లి ముద్ద, అల్లం, సన్నగా తరిగిన ముల్లంగి, ఉల్లికాడలు వేసింది. సేవూజొత్ సీసా తెరిచింది. ఉప్పులో ఊరి కరిగిపోతున్న చిట్టి రొయ్యలు. గదిలో ముందు వరస కదిలింది. తను ఆగి, "అవును, వాసన వస్తుంది. మా ఇంట్లో ఇది పండగ వాసన" అని ముందుకి సాగింది. సంజాయిషీ చెప్పుకోలేదు. తర్వాత గొచుగరు. గొచు అంటే మిరపకాయ, గరు అంటే పొడి. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మిరపకాయకి గారు తగిలించి పిలుస్తున్నారనుకుని ఆనందపడ్డాను. మన గుంటూరు కారంలా మంట ఉండదు. ఎర్రగా, కాస్త తియ్యగా, రవ్వలా ఉంటుంది.

ఆరోగ్య నియమాల ప్రకారం చేతికి తొడుగులు వేసుకోవాలి. వేసుకుంది. వేసుకుంటూ, కొరియాలో సొన్‌మాత్ అనే మాట ఉందని చెప్పింది. సొన్ అంటే చెయ్యి, మాత్ అంటే రుచి. చేతి రుచి. అవే పాళ్ళు, అవే పదార్థాలు, అయినా ఒక్కొక్కరు కలిపితే ఒక్కొక్క రుచి. నేను వెనక గిన్నెలు అందిస్తూ ఉలిక్కిపడ్డాను. "ఆవిడ చేతిలో ఏముందో" అని మనం అనుకోమూ? అంతే మాట. తను ఒక్కొక్క ఆకునీ ఎత్తి, మొదట్లో తెల్లకాడ దగ్గర ఎక్కువగా, కొసన తక్కువగా, పసిపిల్లకి నలుగు పెట్టినంత నిదానంగా కారం పట్టించింది. ఆకులన్నీ అయ్యాక బయటి ఆకునే పొట్లంలా చుట్టి సీసాలో పెట్టి, గాలి పోయేలా పిడికిలితో అదిమింది. పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదిలింది. పులిసేటప్పుడు పొంగుతుంది కదా. ఉప్పు చెడ్డ క్రిముల్ని ఆపుతుంది, ల్యూకోనోస్టాక్ లాంటి మంచివి బతుకుతాయి, పులుపూ బుడగలూ వాటి పనే. ఈ సైన్సు రెండు నిమిషాల్లో చెప్పి వదిలేసింది. మంచిపని చేసింది.

ఎవరో అడిగారు, కిమ్చీ ఎప్పుడూ ఇంత ఎర్రగానే ఉండేదా అని. దానికి తను చెప్పిన జవాబు నేను ఇంతవరకూ మర్చిపోలేదు. సుమారు 1670లో జాంగ్ గ్యె-హ్యాంగ్ అనే పెద్దావిడ డెబ్బై దాటిన వయసులో, కొరియా లిపిలో, ఒక వంటల పుస్తకం రాసింది. పేరు ఉమ్‌షిక్ దిమిబాంగ్. 146 వంటకాలు. అందులో మిరపకాయ వాడిన వంట ఒక్కటీ లేదు. మిరప అప్పటికి ఆ దేశానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. 1614 నాటి ఒక గ్రంథంలో దాన్ని జపాన్ వైపు నుంచి వచ్చిన ఆవగా రాశారు. మిరప వేసిన కిమ్చీ 1766 నాటి పుస్తకంలో కనిపిస్తుంది. మనకీ అంతే. పోర్చుగీసు ఓడలు రాకముందు తెలుగునేల కారమంటే మిరియాల కారమే. ఎక్కడో అమెరికా ఖండంలో పుట్టిన కాయ, ఇటు గుంటూరునీ అటు జొల్లానీ ఎర్రగా చేసింది. మనిషికి పదితరాల నాటిది అనాదిగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఇంతకీ ఆ పెద్దావిడ పుస్తకం చివర కూతుళ్ళకి ఒక మాట రాసిపెట్టింది. కావలసిన వాళ్ళు నకలు రాసుకోండి, పుస్తకం మాత్రం పట్టుకుపోవద్దు, జాగ్రత్తగా ఉంచండి అని. మా అమ్మమ్మ పచ్చళ్ళ కొలతలు రాసుకున్న నోటు పుస్తకం మీద కూడా దాదాపు అదే ఆజ్ఞ ఉండేది.

వెనక వరసలో కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు నలుగురైదుగురు, రొయ్యలు పడ్డాయి కదా, మేం తినొచ్చా అని మొహాలు చూసుకున్నారు. తను ముందే ఇంకో చిన్న గిన్నె సిద్ధం చేసింది. రొయ్యల బదులు సోయా రసం, సముద్రపు నాచు నీళ్ళు. కొరియా బౌద్ధ మఠాల్లో ఇంకా కఠినంగా, వెల్లుల్లీ ఉల్లీ కూడా లేకుండా పెడతారని చెప్పింది. పేక్‌యాంగ్సా మఠంలో జొంగ్ క్వాన్ అనే సన్యాసిని అలాంటి వంటకి ప్రపంచమంతా పేరు పొందింది. కార్తీకమాసంలో మా ఇంట్లో నెలంతా ఉల్లి వెల్లుల్లి ముట్టుకోని రోజులు గుర్తొచ్చాయి. పిల్లలు ఊపిరి పీల్చుకుని పళ్ళాలు పట్టారు.

అన్నిటికన్నా నాకు పెద్దగా అనిపించినది చివరి పది నిమిషాలు. తినే ముందు అన్నం గురించి రెండు మాటలు చెప్తానంది. బోర్డు మీద మూడు అక్షరాలు రాసింది. ఇంగ్లీషులో రైస్ అనే ఒక్క మాట ఉంది, మాకు మూడు కావాలి అంది. పొలంలో ఉన్నప్పుడు బ్యో. దంచాక స్సాల్. వండాక బాప్.

నేను చేతిలో గరిటెతో అలాగే నిలబడి గట్టిగా అనేశాను, వరి, బియ్యం, అన్నం అని. అందరూ తిరిగి చూశారు. తను నవ్వి నన్ను బోర్డు దగ్గరికి పిలిచింది. ఆ మూడు అక్షరాల కింద మన మూడు మాటలూ తెలుగులో రాశాను. మొత్తం గదిలో అది అర్థమైనది ఆ వెనక వరస పిల్లలకీ, ఇద్దరు ముగ్గురు కొరియా వాళ్ళకీ. మిగతావాళ్ళు మర్యాదగా చూశారు. అమ్మని కొరియా వాళ్ళు ఒమ్మా అంటారు, నాన్నని అప్పా అంటారు. ఇలాంటివి చూసి 1905లో హల్బర్ట్ అనే అమెరికన్, కొరియా భాషకీ ద్రావిడ భాషలకీ చుట్టరికం ఉందని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. భాషావేత్తలు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోయింది. వరిచేలో కాలు పెట్టి, దంచి, వండి, ముద్ద తిన్న జనానికి మూడు దశలూ మూడు వేరువేరు వస్తువులు. అందుకే మూడు పేర్లు. ఆ పని చెయ్యని భాషకి ఒకటి చాలు. ఇది రక్తసంబంధం కన్నా నాకు గట్టిదిగా తోస్తుంది.

బాప్ అంటే అన్నమే కాదు, భోజనం కూడా అని చెప్పింది. ఇంటి నుంచి ఫోను వస్తే మొదటి మాట "బాప్ మొగొస్సొ?" అని. అన్నం తిన్నావా అని. నేను అవతలి గదిలో ఉండి ఏడాదిన్నరగా ఆ మాట రోజూ వింటూనే ఉన్నాను. మా అమ్మ ఫోనులో మొదటి మాటా అదే.

తర్వాత వడ్డించాం. అందరికీ నచ్చలేదు. కొందరు ఒక ముక్క కొరికి పళ్ళెం చెత్తబుట్ట దగ్గర పెట్టేశారు. తను చూసింది, ఏమీ అనుకోలేదు. తిండి మనుషుల్ని కలుపుతుంది అని ఇలాంటి సభల్లో అందరూ అంటారు. నేను నమ్మను. ఒకరి కూర ఇష్టంగా తింటూ ఆ మనిషిని చిన్నచూపు చూసినవాళ్ళు ప్రపంచంలో బోలెడుమంది. ఆ రోజు జరిగింది వేరు. ఆ గదిలోంచి వెళ్ళిన యాభైమందికీ కిమ్‌జాంగ్ అనే మాట తెలుసు. అది ఒక్కరు చేసే పని కాదని, ఇరుగుపొరుగు అంతా కూర్చుని వంద క్యాబేజీ దుబ్బులు కలుపుతారని, సాయం వచ్చినవాళ్ళకి ఆ రోజు ఉడికించిన పంది మాంసంతో కొత్త కిమ్చీ పెట్టి, తలా ఒక డబ్బా ఇచ్చి పంపుతారని తెలుసు. 2013లో దక్షిణ కొరియా కిమ్‌జాంగ్‌నీ, 2015లో ఉత్తర కొరియా కిమ్చీ పెట్టే సంప్రదాయాన్నీ యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే పనికి రెండు చీటీలు, మధ్యలో ముళ్ళకంచె. అదీ తెలుసు. నచ్చనివాళ్ళకి కూడా తెలుసు.

మరుసటి ఏప్రిల్‌లో మళ్ళీ మా వంతు వచ్చింది. ఇండియన్ దుకాణంలో పచ్చి మామిడికాయలు దొరికాయి. ఆవకాయ పెట్టాం. దరఖాస్తులో పేరు దగ్గర ఆవకాయ అనే రాశాను. మూడోరోజు తిరగకలపడానికి తను కూడా వచ్చి కూర్చుంది. జాడీలోకి ఎత్తేశాక బేసిన్‌లో మిగిలిన నూనెలో, పిండిలో వేడి అన్నం వేసి కలిపి, ముద్ద చేసి తన ముందు పెట్టాను. చెయ్యి కడుక్కుని కూర్చుంది కానీ ముట్టలేదు. వాళ్ళింట్లో పెద్దవాళ్ళు చెంచా ఎత్తాకే చిన్నవాళ్ళు తింటారు.

"నువ్వు ముందు, అక్కా" అంది.

ముందు నేనే తిన్నాను.